తెర గుడ్డతో కుట్టిన అబాయా

బాపిరాజు మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి నాటకం తెర సగం తెగిపోయి ఉంది.

హాల్లో సోఫాలు గోడకి జరిపేసి, నల్లగుడ్డని నేలంతా పరిచి, దాని మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని కత్తెర నడుపుతోంది కాత్యాయని. పక్కనే కుట్టుమిషను. దాని మీద కుట్టడం పూర్తయిన ఒక చెయ్యి వేలాడుతోంది. డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందున్న స్నిగ్ధ నాన్న మొహం చూసి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది. ఇలాంటివి పాటలు వింటూ చూసేవి కావు.

"ఏంటది?" అన్నాడు బాపిరాజు.

"అబాయా," అంది కాత్యాయని తలెత్తకుండా.

"రేపు నాటకానికి కట్టాల్సిన తెర కదా అది. అంచు కుట్టిమ్మని జమాలుద్దీన్ పంపించాడు."

"అంచే కుడుతున్నాను. కొంచెం ఎక్కువగా."

బాపిరాజు బూట్లు విప్పడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడ్డాడు. పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ అతను చేసిన పని ఏమిటో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. తలుపు వెనక కొక్కేనికి ఎప్పుడూ వేలాడే, ఒళ్లంతా కప్పే రెండు నల్ల అబాయాలూ, భార్యదీ కూతురిదీ, ఇప్పుడు కింద కారు డిక్కీలో స్టెప్నీ టైరు కింద ఉన్నాయి. సౌదీలో, ఈ దమ్మామ్‌లో ఆడమనిషిని ఇంట్లో ఉంచడానికి తాళం అక్కర్లేదు. ఆ కొక్కెం ఖాళీ చేస్తే చాలు.

ఇంత తెలివైన ఆలోచన వచ్చినందుకు పాపం పొద్దున్నంతా తనని తానే మెచ్చుకుని ఉంటాడు, అనుకుంది స్నిగ్ధ. సివిల్ ఇంజినీరు కదా, నీళ్లు ఎటునుంచి కారతాయో అన్ని వైపులా చూసుకుంటాడు. ఇంట్లోనే మడత పెట్టి ఉన్న ఇంత నల్లగుడ్డ మాత్రం కంటికి ఆనలేదు.

గొడవకి కారణం మొన్నటి రిహార్సల్. ఏటా చలికాలంలో దమ్మామ్‌లోని మలయాళీలు ఊరి బయట ఒక ఇస్తిరాహా, అంటే తోటా హాళ్లూ ఉండే విడిది, అద్దెకి తీసుకుని గురువారం సాయంత్రం నాటకం వేస్తారు. మగవాళ్లు ఒక హాల్లో, ఆడవాళ్లు గోడకి అవతల ఇంకో హాల్లో. నాటకం మగవాళ్ల హాల్లోనే. ఆడవేషాలు కూడా మగవాళ్లే కడతారు. ఆడవాళ్లకి ఒక వైరు లాగి టీవీలో చూపిస్తారు. ఈ ఏడు వాళ్లు ఎంచుకున్నది పడవ నడిపే కల్యాణి కథ. ఒకప్పుడు కేరళలో పొలాల్లో, గుడి మైదానాల్లో, లారీ ఎక్కి తిరిగి కాత్యాయని ఊరూరా ఆడిన నాటకం. అసలు కల్యాణి ఇదే ఊళ్లో, ఫిష్ మార్కెట్ వెనక అపార్టుమెంటులో ఉందని తెలిసి జమాలుద్దీన్ స్వీట్ల పెట్టెతో వచ్చాడు.

ఆమె స్టేజీ ఎక్కడం కుదరదని అందరికీ తెలుసు. మగవాళ్ల ముందు ఆడమనిషి నాటకం ఆడిందని మత పోలీసుల చెవిన పడితే విడిదికి తాళం, మనుషులకి విమానం. బాపిరాజే మధ్యేమార్గం చెప్పాడు. తెర ముందు ఫక్రుద్దీన్ చీర కట్టుకుని పెదాలు కదుపుతాడు, తెర వెనక కాత్యాయని మాట్లాడుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. కాత్యాయని సరేనంది. మొన్న రిహార్సల్లో సగం సీను దాకా సరేనన్నట్టే మాట్లాడింది కూడా. తర్వాత తెర తొలగించుకుని బయటికొచ్చి, ఫక్రుద్దీన్ చేతిలోంచి తెడ్డు తీసుకుని, మిగతా సీను మనిషిగా నిలబడి ఆడేసింది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో అంతా మగవాళ్లే. వాళ్లలో బాపిరాజు ఒకడు.

"నిన్ను వద్దన్నానా?" అన్నాడు ఇప్పుడు. గొంతు తగ్గించే అన్నాడు, పక్క ఫ్లాట్లో వినబడకుండా. "పూర్తిగా మానెయ్యమన్నానా? గొంతు ఇవ్వమన్నాను. ఏ మొగుడు ఆ మాత్రం ఒప్పుకుంటాడు ఇక్కడ?"

కత్తెర ఆగలేదు.

"నా పాస్‌పోర్టు పాత కఫీల్ దగ్గరుంది. కొత్త కఫీల్ స్పాన్సర్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టలేదు. ఈ టైములో ఎవడో ఫోన్లో వీడియో తీసి ఇంకెవడికో పంపితే మనం ముగ్గురం ఎక్కడుంటాం? చెప్పు కాత్యా."

కాత్యాయని కత్తెర పక్కన పెట్టింది. నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. అదయ్యాకే మాట్లాడింది.

"సినిమా వాళ్లు నా మొహం తీసుకుని ఇంకెవరిదో గొంతు పెట్టారు. మీరేమో నా గొంతు తీసుకుని ఇంకెవరిదో మొహం పెడతానంటున్నారు. నేను మొత్తం మనిషిగా ఎక్కడికి రావాలి రాజుగారూ?"

బాపిరాజు వంగి బూటు లేసు విప్పబోయి, మళ్లీ ముడి వేశాడు.

"మీ ఉద్యోగం పోగొట్టే పని చెయ్యను," అంది ఆమె మళ్లీ గుడ్డ మీదకి వంగుతూ. "సగం మనిషిగా కూడా ఉండను. ఇవి రెండూ కుదిరే దారి మీరు వెతకండి, ఇంజినీరు కదా. చేపల పులుసు పొయ్యి మీదుంది. వడ్డించుకోండి."

అతను వడ్డించుకోలేదు. కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. స్టెప్నీ కింద అబాయాలు కూడా అతనితోనే ఆఫీసుకి వెళ్లాయి.

*

చిన్నప్పుడు స్నిగ్ధకి అమ్మ సినిమా అంటే భయం.

అదే కల్యాణి కథ సినిమాగా తీస్తే వచ్చిన క్యాసెట్టు ఇంట్లో ఉండేది. అందులో తెడ్డు పట్టుకుని, జుట్టు గాలికెగురుతూ అమ్మ కనిపించేది. నోరు తెరిస్తే మాత్రం వేరే ఆవిడ మాట్లాడేది. సన్నగా, తీయగా, పంచదార పానకంలా. అమ్మని ఎవరో మింగేశారని స్నిగ్ధ గుక్కపెట్టి ఏడ్చేది. కాత్యాయని గొంతు బొంగురు. మైకులు లేని మైదానాల్లో చివరి వరుస దాకా వినబడాలని పెంచుకున్న గొంతు. కథానాయికకి అది పనికిరాదన్నారు సినిమా వాళ్లు. అలా మూడు సినిమాల్లో మూడు అరువు గొంతులు. మూడోది అయ్యాక ఆవిడ మళ్లీ లారీ ఎక్కి నాటకాలకి వెళ్లిపోయింది.

ఆ లారీయే ఒకసారి విశాఖపట్నం వచ్చింది. మలయాళీ సంఘం వాళ్ల నాటకానికి టిక్కెట్లు అయిపోతే, భీమవరం నుంచి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక ఇంజినీరు హాలు బయట కిటికీ పక్కన నిలబడ్డాడు. ముందు పొడుగువాళ్లు అడ్డం. ఏమీ కనిపించలేదు. భాష అర్థం కాలేదు. గొంతు ఒక్కటే విని, మర్నాడు ఆ లారీ దగ్గరికి వెళ్లి, ఆ గొంతు ఎవరిదని అడిగాడు. ఈ కథ నాన్న లెక్కలేనన్నిసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ అమ్మ నవ్వింది. ఈమధ్యే నవ్వడం మానేసింది.

అందుకే నాన్నకి ఆ మధ్యేమార్గం అంత గొప్పగా తోచిందని స్నిగ్ధకి ఇప్పుడు వెలిగింది. ఆయన దృష్టిలో గొంతు ఇవ్వడమంటే అంతా ఇవ్వడమే. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. అదే చిక్కు. ప్రోగ్రాంలో తప్పుంటే దొరుకుతుంది. రెండు ప్రోగ్రాములూ కరెక్టుగా ఉండి ఒకదాన్నొకటి ఆపేస్తుంటే ఏం చెయ్యాలో బీటెక్‌లో ఎవరూ చెప్పలేదు.

*

చీకటి పడే వేళకి జమాలుద్దీన్ వచ్చాడు. పోర్టులో గోడౌన్ సూపర్‌వైజరు, కోళిక్కోడ్ మనిషి, నాటకం పేరు చెబితే నిద్ర మానుకునే రకం. వెనకే ఫక్రుద్దీన్. ఏసీలు బాగుచేసే ఆజానుబాహువు. ఈ నాటకాల్లో ఆడవేషం అంటే అతనే. మలయాళీ అయి ఉండీ ఏటా చలికాలం మీసం తీసేస్తాడని పనివాళ్ల క్యాంపులో అతనంటే జాలీ గౌరవం రెండూ ఉన్నాయి. వాళ్లతోపాటే బాపిరాజూ మెట్లెక్కి వచ్చాడు. ముగ్గురూ హాల్లో కూర్చున్నారు.

తెర కుట్టడం అయిందా అని జమాలుద్దీన్ మర్యాదగా అడిగాడు. అయిందన్నాడు బాపిరాజు, గోడ వైపు చూస్తూ.

అప్పుడే తెర టీ పట్టుకుని వచ్చింది.

మెడ నుంచి మడమల దాకా నల్లగా, జేబులతో సహా, చక్కగా కుదిరింది. జమాలుద్దీన్ కప్పు అందుకున్నాడు గానీ తాగలేదు. అతని కళ్లు ఆ గుడ్డ మీద కిందనుంచి పైకి, పైనుంచి కిందకి తిరిగాయి. అంచు దగ్గర తెర కట్టే ఇత్తడి రింగు ఒకటి ఇంకా వేలాడుతోంది.

"చేచ్చీ, ఇక రేపు తెర?" అన్నాడు చివరికి మలయాళంలో, అక్కా అని పిలుస్తూ. ఆ ఇంట్లో మలయాళం అందరికీ అర్థమవుతుంది.

"తెర నేను కట్టుకున్నాను జమాలూ. నా వెనక ఎవరైనా దాక్కోవాలంటే దాక్కోండి."

ఫక్రుద్దీన్ పకపకా నవ్వి, ఎవరూ నవ్వట్లేదని చూసి ఆపేశాడు.  కింద వీధిలో హారన్లు వినిపించాయి. బాపిరాజు ప్యాంటు మీద లేని మరక తుడుచుకున్నాడు.

మొదట మాట్లాడింది ఫక్రుద్దీనే. కప్పు కింద పెట్టి, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని, తప్పు చేసినవాడిలా చెప్పాడు. తనకీ ఇది కుదరట్లేదట. చేచ్చి ఒక మాట దగ్గర ఊపిరి ఎక్కడ ఆపుతుందో తన పెదాలకి తెలియట్లేదట. అది చిన్న సంగతే, సాధన చేస్తే వస్తుంది. అసలు సంగతి అది కాదన్నాడు.

"ఇన్నేళ్లూ చీర కట్టుకున్నాను, ఎవరూ నవ్వలేదు చేచ్చీ. ఎందుకంటే మాట నాది. కల్యాణి డైలాగులన్నీ నాకు నోటికొచ్చు, ఏసీ డక్టులో తల పెట్టి చెప్పుకుంటూ ఉంటాను. ఇప్పుడు నా గొంతు తీసేశాక మిగిలింది చీరే. రేపు జనం దాన్నే చూస్తారు."

కాత్యాయని అతని వైపు తిరిగింది. అలా చూడటం స్నిగ్ధ ఇదివరకు ఎరగదు. ఆ చూపులో జాలి లేదు. ఒకే రైల్లో వచ్చిన మనిషిని వేరే ఊళ్లో గుర్తుపట్టినట్టు ఉంది.

అప్పుడు స్నిగ్ధ నోరు జారింది. నిజానికి అది మాట కూడా కాదు, తనలో తను గొణుక్కోవడం. "ఆ వైరు ఇటునుంచి అటు లాగితే సరిపోద్ది కదా."

అందరూ తన వైపు చూశారు. చెప్పక తప్పలేదు. ఏటా మగవాళ్ల హాల్లో నాటకం, ఆడవాళ్ల హాల్లో టీవీ. ఈసారి అమ్మ ఆడవాళ్ల హాల్లోనే ఆడుతుంది. మొత్తం మనిషిగా, చుట్టూ ఆడవాళ్లే. ఆడవాళ్ల మధ్య ఆడమనిషి ఏం చేసినా అడిగేవాడు లేడు, ఇక్కడి పెళ్లిళ్లలో రోజూ జరిగేదే. తలుపు దగ్గర ఫోన్లు తీసేసుకుంటారు. అమ్మ దగ్గర మైకు పెట్టి ఒక వైరు అవతలికి వేస్తే, మగవాళ్ల హాల్లో ఆ గొంతు వినబడుతుంది, అక్కడ ఫక్రుద్దీన్ పెదాలు కదుపుతాడు. మిక్సర్ తను చూసుకుంటుంది. డిగ్రీ అయ్యాక తనకి దొరికిన మొదటి ఉద్యోగం ఇదే అవుతుంది.

జమాలుద్దీన్ లేచి నిలబడ్డాడు. బాపిరాజు మొహంలో రెండు రోజుల తర్వాత రక్తం కనిపించింది. "అది. అదీ బుర్రంటే," అన్నాడు, భీమవరంలో ఉన్నంత గట్టిగా. "గొంతు అటూ వస్తుంది, ఇటూ ఉంటుంది. ఇక గొడవేముంది?"

ఫక్రుద్దీన్ కింద పెట్టిన కప్పు అందుకుని చల్లారిన టీ తాగేశాడు. అతని సంగతి ఎక్కడిదక్కడే ఉంది.

కాత్యాయని ఖాళీ కప్పులు ట్రేలో సర్దింది. "ఆ మైకు ఎవరి చేతిలో ఉంటుంది మోళే?" అని కూతుర్ని అడిగింది.

"నా దగ్గరే అమ్మా."

ఆవిడ తలూపింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఫక్రుద్దీన్‌ని ఆపింది. "రాత్రి పడుకునే ముందు ఉప్పునీళ్లు పుక్కిలించు. పొద్దున్న చల్లటివి తాగకు."

"మాట్లాడేది మీరు కదా చేచ్చీ?"

"అయినా పుక్కిలించు."

*

గురువారం పొద్దున్న తలుపు వెనక కొక్కేనికి రెండు అబాయాలూ వేలాడుతున్నాయి. ఇస్త్రీ చేసి మరీ. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. స్నిగ్ధ తనది వేసుకుంది. కాత్యాయని తెర గుడ్డదే వేసుకుంది. కారు నడుపుతూ బాపిరాజు అద్దంలోంచి ఒకసారి చూసి, ఏసీ కొంచెం తగ్గించాడు. దారంతా అదొక్కటే సంభాషణ.

విడిదిలో ఆడవాళ్ల హాలు సంతలా ఉంది. గుమ్మం దాటగానే అందరూ అబాయాలు విప్పేశారు. నల్లటి కుప్పలోంచి పట్టుచీరలు, సల్వార్లు, మల్లెపూలు, పిల్లలు బయటపడ్డారు. ఫ్లాస్కుల్లో టీ, టిఫిన్ డబ్బాల్లో అరటిపండుతో చేసిన ఉన్నక్కాయలు. తలుపు దగ్గర బుట్ట పట్టుకుని ఫోన్లు వసూలు చేస్తున్నది కింది అంతస్తు జయ ఆంటీ. కాకినాడావిడ. మలయాళం ఒక్క ముక్క రాదు, అయినా మొదటి వరుసలో కుర్చీకి చున్నీ వేసి పెట్టుకుంది. ఒక్క స్నిగ్ధ ఫోను మాత్రం మిక్సర్ పనికని వదిలేశారు.

తెడ్డు అవతలి హాల్లో ఫక్రుద్దీన్ దగ్గర ఉండిపోయింది. కాత్యాయని వంటగదిలోకి వెళ్లి నేల తుడిచే కర్ర తెచ్చి, గుడ్డ ఊడదీసి, చేత్తో తూకం చూసుకుంది. తెర గుడ్డ అబాయా విప్పి మడత పెట్టి కుర్చీ మీద ఉంచింది. లోపల ముదురు ఎరుపు నేత చీర, మోకాలి దగ్గరికి ఎగ్గట్టి. తల నెరిసింది. రంగు వేసుకోమని స్నిగ్ధ చెబితే వినలేదు. కల్యాణి ఈపాటికి ముసలిదయ్యే ఉంటుందంది.

టీవీలో అవతలి స్టేజీ కనబడుతోంది, మాట లేకుండా. చీరలో ఫక్రుద్దీన్ సిద్ధంగా ఉన్నాడు. ముందు వరుసలో, అంచున, బాపిరాజు తల. ఈసారి టిక్కెట్టు దొరికింది ఆయనకి.

మిక్సర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. కాత్యాయని కర్ర చేత్తో పట్టుకుని కూతురి దగ్గరికి వచ్చి వంగింది.

"మోళే, ఆ లైటు ఆర్పెయ్."

స్నిగ్ధకి అర్థం కాలేదని కాదు. అర్థమైంది. "అమ్మా, అవతల అందరూ..."

"అవతల ఫక్రుద్దీన్ ఉన్నాడు. అతనికి గొంతుంది."

"నాన్నగారు?"

 కాత్యాయని కర్ర నేలకి ఆనించి, నడుం నిటారు చేసుకుని, హాలు మధ్యకి వెళ్లిపోయింది. వెళ్లే నడకే జవాబు. స్నిగ్ధ వేలు స్విచ్ మీదే ఉంది. వెయ్యడం, ఆపడం తప్ప దానికి మూడో స్థానం లేదు. ఆపేసింది.

టీవీలో ఫక్రుద్దీన్ పెదాలు తెరిచాడు. కదిపాడు. ఆగాడు. ఒకసారి పైకి, స్పీకర్ల వైపు చూశాడు. తర్వాత అతని మొహంలో ఏదో తెలిసింది. మెడ నరాలు ఉబ్బాయి. గోడకి అవతల నుంచి, సన్నగా, ఉప్పునీళ్లు పుక్కిలించిన గొంతు ఒకటి వినిపించింది.

ఇటువైపు కల్యాణి రేవులో నిలబడింది. కథలో పడవ దిగమన్న జమీందారు అక్కడ లేడు. అయినా హాల్లో ఉన్న ప్రతి ఆడమనిషీ అతన్ని చూసి కొంచెం వెనక్కి జరిగింది.

"ఈ పడవ నాది. ఎక్కించుకోవాలో వద్దో నేను చెప్తాను."

బొంగురుగా, చివరి వరుస దాకా. నోరు అమ్మది, మాట అమ్మది. ఇరవై మూడేళ్ల స్నిగ్ధ జీవితంలో బొమ్మా శబ్దం మొదటిసారి కలిశాయి. ఏడుపు రాకుండా ఉండటానికి మిక్సర్ మీద అక్కర్లేని మీటలు రెండు సర్దింది. ముందు వరుసలో జయ ఆంటీ, ఒక్క ముక్క రానావిడ, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫోను వణికింది. నాన్న.

టీవీలో చూస్తే ముందు వరుస అంచు కుర్చీ ఖాళీగా ఉంది.

"అమ్మలూ, మీ అమ్మ గొంతు రావట్లేదు," అన్నాడు బాపిరాజు గుసగుసగా. "వైరేమన్నా ఊడిందేమో చూడు."

స్నిగ్ధ వైరు వైపు చూసింది. గట్టిగా, బుద్ధిగా, దాని చోట అది ఉంది.

"ఇది టెక్నికల్ ప్రాబ్లం కాదండి నాన్నగారూ."

ఫోన్లో వెనక ఫక్రుద్దీన్ గొంతూ, మగవాళ్ల చప్పట్లూ. ఆ చప్పట్లు మెల్లగా దూరమయ్యాయి. తలుపు మూసుకున్న చప్పుడు. తర్వాత గాలి. కంకర మీద బూట్ల నడక, ఆగి ఆగి.

"ఆ హాలుకి కిటికీ ఉందా అమ్మలూ?"

స్నిగ్ధ తలెత్తింది. ఉంది. తోట వైపు గోడకి, మూసిన చెక్క తలుపులతో. ఇవతల అబాయాలు విప్పి కూర్చున్న ఇంతమంది ఆడవాళ్లు. అవతల ఆ గోడకి ఆనుకుని ఒక మగవాడు ఎవరి కంటపడినా, అతని కఫీలే కాదు, ఇంకెవరూ కాపాడలేరు. నాన్నకి అది తెలుసు. అన్ని వైపులా చూసుకునే మనిషి ఆయన.

"నాన్నగారూ, మీరు ఎక్కడున్నారు?"

 నడక ఆగిపోయింది.

హాలు మధ్యలో కాత్యాయని చేతిలో కర్ర తెడ్డయి లేచింది. మొదటి వరుసలో జయ ఆంటీ చున్నీతో విసురుకుంటూ, గాలాడట్లేదని పక్కావిడకి సైగ చేసి, వంగి వంగి నడుచుకుంటూ వెళ్లి, కిటికీ గడియ మీద చెయ్యి వేసింది.